విడిపించిన ఊరు, విరిచిన ఊరు

(థీబ్స్ సేనాని ఎపమినోండస్ రాజకీయ జీవితం మీద విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇయ్యాల మనం రెండు వేల నాలుగు వందల ఏండ్ల కిందటి ఒక గ్రీకు సేనాని గురించి మాట్లాడుకుంటున్నం. పేరు ఎపమినోండస్. ఊరు థీబ్స్. పేరు చెప్పంగనే ముందు వరుసలో కూసున్న తమ్ముడొకడు "అన్నా, ఇది పరీక్షల్లో వస్తదా?" అని అడిగిండు. రాదు తమ్మీ. పరీక్షల్లో అలెగ్జాండర్ వస్తడు. ఊర్లు గెలిచినోడు వస్తడు. మూడు వందల ఏండ్లు వెట్టిలో మగ్గిన జనానికి ఊరు కట్టిచ్చినోడు రాడు. అందుకే మాట్లాడుకోవాలె అనుకున్నం.

మేము పత్రికల్లో పని చేసేటోళ్లం. వార్త చేతికి రాంగనే అందులో ఏమున్నదో చూస్తం, ఆ తర్వాత ఏం లేదో చూస్తం. ఎపమినోండస్ కాలంలోనే బతికిన చరిత్రకారుడు జెనొఫోన్. ఏథెన్స్‌లో పుట్టినా స్పార్టా రాజు అజెసిలాస్‌కు దోస్తు. స్పార్టా ఇచ్చిన భూమి మీద ఏండ్ల తరబడి బతికిండు. క్రీ.పూ.371లో స్పార్టా నడుము విరిగిన ల్యూక్ట్రా యుద్ధం గురించి రాసిండు గని, దాన్ని గెలిపిచ్చిన సేనాని పేరు అక్కడ రాయలేదు. ఆ సేనాని చేతుల మీద మెస్సీన్ అనే నగరం లేచి నిలబడ్డ ముచ్చట కూడా చెప్పలేదు. ప్లూటార్క్ నాలుగైదు వందల ఏండ్ల తర్వాత ఎపమినోండస్ జీవితం రాసిండు, అది దొరకకుండ పోయింది. పెలోపిడస్ జీవితంలో, డియోడోరస్ చరిత్రలో, పౌసానియస్ యాత్రా గ్రంథంలో మిగిలిన ముక్కలు ఏరుకుంటేనే ఈ మనిషి కనబడతడు.

ముందు స్పార్టా సంగతి చూద్దాం. స్పార్టా పౌరుడు దున్నడు, నాటడు, కోయడు. కత్తి పట్టుడొక్కటే అతని పని. మరి తిండి ఎక్కడిది? పక్కనున్న మెస్సీనియా నేలది. ఆ ప్రాంతాన్ని గెలిచి, అక్కడి జనాన్ని హెలొట్లను చేసిన్రు. పండిన దాంట్లో సగం దొరకు తెచ్చి పొయ్యాలెనని పాత కవి తిర్తేయస్ రాసిండు. వెట్టి అంటే ఏందో మన తాతలు చెప్పిన ముచ్చట్లలో విన్నోళ్లకు ఇది అర్థం చేసుకునుడు కష్టం కాదు. ఏటేటా స్పార్టా అధికారులు పదవిలోకి రాంగనే హెలొట్ల మీద యుద్ధం ప్రకటిస్తరు. అట్ల ప్రకటిస్తే హెలొట్‌ను చంపినా పాపం అంటదన్నట్టు. ఒకసారి యుద్ధంలో బాగా పని చేసినోళ్లకు స్వేచ్ఛ ఇస్తమని రెండు వేల మందిని ఏరి, పూలదండలేసి గుడుల చుట్టూ తిప్పి, తర్వాత ఒక్కొక్కరిని మాయం చేసిన్రని థుసిడిడిస్ రాసిండు. అంటే ముందుకొచ్చే ధైర్యమున్నోడు ఎవడో కనిపెట్టి వాన్నే తీసేసిన్రు.

అటువంటి స్పార్టా క్రీ.పూ.386లో పర్షియా చక్రవర్తితోని ఒప్పందం చేసుకొని గ్రీకు ఊర్లన్నిటికీ స్వయంప్రతిపత్తి అని చాటింది. మాట వినడానికి బాగున్నది. దాన్ని అమలు చేసేది మాత్రం స్పార్టా. ఆ మాట అడ్డం పెట్టుకొని థీబ్స్ నాయకత్వంలో ఉన్న బోయోషియా ఊర్ల సమాఖ్యను విడగొట్టింది. క్రీ.పూ.382లో స్పార్టా సేనాని ఫీబిడస్ శాంతి కాలంలోనే థీబ్స్ కోట కాడ్మియాను పట్టుకున్నడు. లోపలి నుంచి దారి చూపినోడు థీబ్స్ పెద్దమనిషే, లియోంటియాడిస్. గ్రీసంతా ఇదేం అన్యాయమంటే స్పార్టా ఏం చేసింది? ఫీబిడస్‌కు జుర్మానా వేసింది, కోటలో పటాలాన్ని మాత్రం తియ్యలేదు. తప్పు చేసినోనికి శిక్ష వేసి, తప్పుతోని వచ్చిన లాభాన్ని దాచిపెట్టుకున్నది.

థీబ్స్‌లో స్పార్టాను ఎదిరించినోళ్లు వందల మంది ఏథెన్స్‌కు పారిపోయిన్రు. అందులో పెలోపిడస్ ఉన్నడు, కలిగినోళ్ల బిడ్డ. అతని ప్రాణ స్నేహితుడు ఎపమినోండస్ మాత్రం ఊర్లనే ఉన్నడు. ఎందుకు వెళ్లగొట్టలేదంటే, ఈయన పేదోడు, పుస్తకాల మనిషి, ఈయనతోని ఏమయితదని వదిలేసిన్రు. మంచి వంశమే గని చేతిలో పైసా లేదు. ఇటలీ నుంచి వచ్చిన లిసిస్ అనే పైథాగరస్ శిష్యుని దగ్గర చదువుకున్నడు. పెలోపిడస్ డబ్బిస్తానన్నా తీసుకోలేదు. ఒక్కటే పైబట్ట ఉండేదని, అది ఉతుకుడుకు వేసిన నాడు ఇల్లు దాటేవాడు కాదని చెప్పుకుంటరు. ఆక్రమణ ఉన్న మూడేండ్లలో వ్యాయామశాలల్లో థీబ్స్ పోరగాండ్లను స్పార్టా సైనికులతోని కుస్తీ పట్టమని ఉసిగొల్పిండు. గెలిచినోళ్లను మెచ్చుకోలేదు, ఇంత బలముండి వాళ్ల కింద బతుకుతున్నరా అని తిట్టిండు.

క్రీ.పూ.379 చలికాలంలో పెలోపిడస్, మరికొందరు వేటగాండ్ల వేషంలో ఊర్లకు వచ్చిన్రు. ఆ రాత్రి స్పార్టా తొత్తుల్లో ఒకడైన ఆర్కియస్ తాగి విందులో ఉన్నడు. హెచ్చరిక చిట్టీ చేతికందింది. పెద్ద విషయాలు రేపు చూద్దామని దిండు కింద పెట్టిండు. ఆ రేపు అతనికి రాలేదు. ఈ చంపుడులో మాత్రం ఎపమినోండస్ లేడు. విచారణ లేకుండ సొంత ఊరి మనుషుల రక్తం చిందియ్యనని ముందే చెప్పిండని ప్లూటార్క్ రాసిండు. అట్లని ఇంట్లో కూసోలేదు. పని మొదలు కాంగనే ఆయుధాలు పట్టిన యువకులను వెంటేసుకొని బజార్ల నిలబడ్డడు. తెల్లారి సభ ముందు పెలోపిడస్ బృందాన్ని నిలబెట్టి ఊరును లేవమన్నడు. కొద్ది రోజుల్లో స్పార్టా పటాలం కోట దిగి పోయింది.

ఎనిమిదేండ్లు గడిచినయి. థీబ్స్ బోయోషియా సమాఖ్యను మళ్ల కట్టుకున్నది. క్రీ.పూ.371లో స్పార్టాలో శాంతి సభ జరిగింది. థీబ్స్ తరఫున వచ్చిన ఎపమినోండస్ మొత్తం బోయోషియా పేరు మీద సంతకం పెడతమన్నడు. అజెసిలాస్ లేచి, బోయోషియా ఊర్లను స్వతంత్రంగా వదులుతరా లేదా అని అడిగిండు. ఎపమినోండస్ తిరిగి అడిగిండు, మరి మీ చుట్టుపక్కల లకోనియా ఊర్లను మీరు వదులుతరా అని. గ్రీకు ఊర్ల ప్రతినిధులున్న సభలో స్పార్టా రాజును ఇట్ల నిలదీసిండు. అజెసిలాస్ కోపంతోని ఒప్పందంలోంచి థీబ్స్ పేరు కొట్టేసిండు. మిత్రులారా, ఈ రెండు ప్రశ్నలను గుర్తు పెట్టుకోండి. రెండోదానికి స్పార్టా జవాబు చెప్పలేదు. మొదటిదానికి థీబ్స్ కూడా చెప్పలేదు. ఈ కథ చివరిదాకా ఆ చెప్పని జవాబే మనల్ని ఎంటబడతది.

ఇరవై రోజుల్లో ల్యూక్ట్రా దగ్గర రెండు సైన్యాలు ఎదురుపడ్డయి. గ్రీకు యుద్ధంలో కుడి పక్క గొప్పది, బలగమంతా అక్కడుంటది. ఎపమినోండస్ దాన్ని తిరగేసిండు. ఎడమ పక్కన తన బలమంతా యాభై వరుసల మందంతోని పెట్టిండు. ఎదురుగ స్పార్టా వరుసలు పన్నెండు మాత్రమే. బలం తక్కువున్న తన కుడి పక్కను వెనుకకు ఆపి ఉంచిండు. ముందుగాల దెబ్బ స్పార్టా రాజు నిలబడ్డ చోటనే పడాలెనన్నది ఆలోచన. పెలోపిడస్ నడిపిన మూడు వందల మంది పవిత్ర దళం ముందు దూకింది. రాజు క్లియోంబ్రొటస్ చచ్చిపోయిండు. ఏడు వందల మంది అసలు స్పార్టా పౌరుల్లో నాలుగు వందల మంది పడ్డరు. ఈ లెక్క స్పార్టా అభిమాని జెనొఫోనే ఇచ్చిండు. ఓడిపోదనుకున్నది ఓడిపోయింది.

చాలా మంది సేనానులు ఇక్కడికి ఆగిపోతరు. విజయ స్తంభం పాతి, పాటలు పాడించుకొని ఇంటికి పోతరు. ఎపమినోండస్ ఆగలేదు. యుద్ధంలో ఓడిన స్పార్టా పదేండ్లకు మళ్ల లేస్తది, ఎందుకంటే దాని బువ్వ కుండ మెస్సీనియాలో భద్రంగ ఉన్నదని అతనికి తెలుసు. క్రీ.పూ.370 చలికాలంలో దక్షిణానికి నడిచిండు. గోడల్లేని స్పార్టా నగరం దగ్గరిదాకా పోయిండు. శత్రువు పెట్టిన మంటల పొగ ఎన్నడూ చూడని స్పార్టా ఆడోళ్లు ఆ పొగ చూసిన్రు. అజెసిలాస్ నగరాన్ని కాపాడుకున్నడు. అప్పుడు కూడా స్పార్టా ఒక విచిత్రం చేసింది. మా పక్కన కొట్లాడే హెలొట్లకు స్వేచ్ఛ ఇస్తమని చాటింది. ఆరు వేల మందికి పైగ పేర్లు రాయించుకున్నరు. అంత మందిని చూసి స్పార్టా మళ్ల వాళ్లకే భయపడ్డది.

ఎపమినోండస్ నగరాన్ని వదిలి మెస్సీనియాకు మళ్లిండు. అక్కడి హెలొట్లను విడిపించిండు. ఇటలీ, సిసిలీ, ఆఫ్రికా తీరం దాకా చెదిరిపోయిన మెస్సీనియా వాళ్లకు రండని కబురు పంపిండు. పౌసానియస్ లెక్కలో 287 ఏండ్ల తర్వాత వాళ్లు సొంత నేల మీద కాలు పెట్టిన్రు. అన్నేండ్లు పరాయి ఊర్లల్ల తిరిగినా తమ ఆచారాలు మరువలేదని, తమ డోరియన్ యాస చెడకుండ కాపాడుకున్నరని అతనే రాసిండు. ఆ మాట దగ్గర మేము పుస్తకం మూసి కొంచెంసేపు ఊకున్నం. క్రీ.పూ.369లో ఇథోమి కొండ కింద మెస్సీన్ నగరం లేచింది. బోయోషియా, ఆర్గోస్ సన్నాయిల పాటలకు గోడలు కట్టిన్రు. ఆ కోటగోడ చుట్టుకొలత తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటది. దాని బురుజులు, ఆర్కేడియా ద్వారం ఇప్పటికీ మావ్రొమాటి ఊరి దగ్గర నిలబడి ఉన్నయి. 1980ల నుంచి పెట్రోస్ థెమెలిస్ నడిపించిన తవ్వకాల్లో బజారు, నాటకశాల, క్రీడా మైదానం బయటపడ్డయి. జెనొఫోన్ రాయనిది రాయి చెప్పింది.

అదే రోజుల్లో ఆర్కేడియాలో నలభై దాకా పల్లెలు కలిసి మెగలోపోలిస్ అనే నగరం కట్టుకున్నయి. దానికి కూడా ఎపమినోండస్ అండ ఉన్నది. స్పార్టాకు ఒక దిక్కు మెస్సీన్, ఇంకో దిక్కు మెగలోపోలిస్. ఇగ అది ఇల్లు దాటి రావాలంటే రెండు గోడలు అడ్డం. ఒక మాట చెప్పాలె, ఆయనను దేవుణ్ని చేసుడు మా పని కాదు. లకోనియా హెలొట్లు అట్లనే ఉండిపోయిన్రు. థీబ్స్‌లోనూ బానిసలున్నరు. బానిసత్వం మీద అతను యుద్ధం చెయ్యలేదు, స్పార్టా మీద చేసిండు. అయినా ఆ పనితోని ఒక ఆలోచన గాలిలోకి వచ్చింది. మెస్సీనియా పక్షాన రాస్తూ అల్సిడమస్ అనే వక్త, ప్రకృతి ఎవ్వరినీ బానిసగా పుట్టించలేదనే దాకా పోయిండు.

ఇంటికి వస్తే ఏం జరిగింది? సన్మానం కాదు, కేసు. సేనాని పదవి ఏడాది మాత్రమే. గడువు దాటి నాలుగు నెలలు దండు నడిపిండని మరణశిక్ష పడే నేరం మోపిన్రు. అతను తప్పించుకోలేదు, చేసిన్ననే ఒప్పుకున్నడు. ఒక్క కోరిక కోరిండని చెప్తరు. మీరు వద్దన్నా ల్యూక్ట్రాలో స్పార్టాను ఓడించినందుకు, మెస్సీన్‌ను నిలబెట్టినందుకు థీబ్స్ ఇతన్ని చంపిందని నా శిక్ష కింద రాయమన్నడట. న్యాయమూర్తులు నవ్వుకుంట, ఓటు కూడా వెయ్యకుండ లేచిపోయిన్రు. నవ్వు పక్కన పెడితే ఇందులో ఒక పాఠమున్నది. ఎంత గెలిచినోడైనా సభ ముందు నిలబడి లెక్క చెప్పిండు. సైన్యం చేతిలో ఉన్నోడు సైన్యాన్ని చూపి బెదిరియ్యలేదు.

ఆ తర్వాత ఒక ఏడు సేనానిగ ఎన్నుకోలేదు. క్రీ.పూ.368లో పెలోపిడస్‌ను విడిపించుడుకు థెస్సలీకి పోయిన దండులో మామూలు సిపాయిగ నడిచిండు. సేనానుల చేతగానితనంతోని దండు చిక్కుల్లో పడితే సిపాయిలే అతన్ని ముందుకు తోసి నాయకత్వం ఇచ్చిన్రు. ఇంకోసారి కిట్టనోళ్లు బజార్ల పెంటలు, మోరీలు చూసే చిన్న కొలువు అంటగట్టిన్రట. పదవితోని మనిషికి గౌరవం వస్తదంటరు, మనిషితోని పదవికి కూడా వస్తదని చెప్పి ఆ కొలువు చేసిండని ప్లూటార్క్ రాసిండు. ఉద్యోగ సోదరులారా, ఈ ముచ్చట మీ కోసం.

ఇగ చేదు ముచ్చటకు వద్దాం. క్రీ.పూ.366లో అకేయా ఊర్లు థీబ్స్ వైపు వచ్చినయి. అక్కడి పెద్దలను వెళ్లగొట్టొద్దు, వాళ్ల పాలన జోలికి పోవద్దని ఎపమినోండస్ మాటిచ్చిండు. థీబ్స్ సభ ఆ మాట కొట్టేసి, తన అధికారులను పంపి పెద్దలను తరిమింది. తరిమినోళ్లు కూడబలుక్కొని తిరిగొచ్చి ఊర్లను పట్టుకున్నరు, స్పార్టాతోని కలిసిన్రు. స్పార్టా ఊరూరికీ అధికారులను పంపి పెత్తనం చేస్తుందని కొట్లాడిన థీబ్స్, తానే ఊరూరికీ అధికారులను పంపింది.

ఇంటి పక్కన ఇంకా ఘోరం. అజెసిలాస్ అడిగిన ప్రశ్న గుర్తున్నదా? అది దొంగ నోటి నుంచి వచ్చిన ప్రశ్నే గని, తప్పు ప్రశ్న కాదు. క్రీ.పూ.373లోనే థీబ్స్ పక్కనున్న ప్లాటియాను నేలమట్టం చేసింది. థెస్పియాను కూడా చితికించింది. ల్యూక్ట్రా తర్వాత ఒర్ఖొమెనస్ ఊరును బానిసలుగ అమ్మేస్తమంటే ఎపమినోండస్ అడ్డం పడ్డడు. గ్రీసుకు నాయకత్వం వహించాలనుకునేటోళ్లు ధైర్యంతోని గెలిచింది దయతోని నిలుపుకోవాలెనని చెప్పిండు. క్రీ.పూ.364లో అతను ఊర్ల లేని సమయం చూసి, కుట్ర చేసిన్రనే పేరు మీద ఒర్ఖొమెనస్‌ను నాశనం చేసిన్రు. మగవాళ్లను చంపిన్రు, ఆడోళ్లను, పిల్లలను అమ్మిన్రు. నేనుంటే ఇది జరగనియ్యకపోయేదని తిరిగొచ్చినంక బాధపడ్డడని పౌసానియస్ అంటడు. కావొచ్చు. గని మేము ఒకటి అడుగుతున్నం. పదేండ్లు ముందు నడిచిన నాయకుడు, తాను ఒక్కరోజు లేకుంటే కూడా ఆగే పద్ధతి ఎందుకు నేర్పలేకపోయిండు? దూరాన ఉన్న మెస్సీన్‌కు గోడలు కట్టిచ్చినోడు, పక్కూరికి ఒక హామీ ఎందుకు కట్టియ్యలేకపోయిండు? అతని రాజకీయ జీవితంలో పెద్ద లోటు ఇదే.

క్రీ.పూ.362లో మాంటినియా దగ్గర ఆఖరి యుద్ధం జరిగింది. గెలుపు అంచున ఛాతీలో ఈటె దిగింది. డాలు భద్రంగ ఉన్నదా అని అడిగిండట. ఎవరు గెలిచిన్రని అడిగిండట. తన తర్వాత దండు నడిపే ఇద్దరి పేర్లు చెప్పి పిలవమంటే, ఇద్దరూ చచ్చిపోయిన్రన్నరు. అట్లయితే సంధి చేసుకోండన్నడని ప్లూటార్క్ రాసిండు. అదే యుద్ధంలో ఏథెన్స్ వైపు గుర్రం మీద కొట్లాడిన జెనొఫోన్ కొడుకు గ్రిల్లస్ కూడా చచ్చిపోయిండు. అయినా పుస్తకం చివర జెనొఫోన్ ఆ ఆఖరి దండయాత్రలో ఎపమినోండస్ నేర్పును మెచ్చుకున్నడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి రాసిన ఆ మెప్పుకు మేము విలువ ఇస్తం. తర్వాత జరిగిన సంధిలో మెస్సీన్‌ను కూడా చేర్చిన్రని స్పార్టా సంతకం పెట్టలేదు. పెట్టకపోయినా మెస్సీన్ పోలేదు. స్పార్టా దాన్ని మళ్ల తన కింద నిలుపుకోలేకపోయింది.

థీబ్స్ మాత్రం పోయింది. క్రీ.పూ.338లో మాసిడోనియా రాజు ఫిలిప్ చేతిలో కైరొనియా దగ్గర ఓడింది. ఆ ఫిలిప్ చిన్నతనంలో థీబ్స్‌లోనే బందీగ ఉన్నోడు. క్రీ.పూ.335లో అతని కొడుకు అలెగ్జాండర్ మీద థీబ్స్ తిరగబడ్డది. అలెగ్జాండర్ వచ్చి ఊరును తొక్కిండు. ఆరు వేల మంది చచ్చిన్రు, ముప్పై వేల మందిని అమ్మిన్రు. ఆ రోజు ఇండ్లల్ల దూరి చంపినోళ్లలో, ఊరును కూల్చాలెనన్నోళ్లలో మాసిడోనియా వాళ్లు ఒక్కరే లేరు. ప్లాటియా వాళ్లున్నరు. థెస్పియా వాళ్లున్నరు. ఒర్ఖొమెనస్ వాళ్లున్నరు. పక్కూర్లోళ్లు, ఒకటే యాస మాట్లాడేటోళ్లు.

ఇంకో పేజీ కూడా ఉన్నది. క్రీ.పూ.316లో మాసిడోనియా పాలకుడు కసాండర్ థీబ్స్‌ను మళ్ల కట్టించిండు. ఆ కట్టుడులో సాయం చేసినోళ్లలో ఏథెన్స్ వాళ్లతో పాటు మెస్సీన్ వాళ్లు, మెగలోపోలిస్ వాళ్లు ఉన్నరని పౌసానియస్ రాసిండు. ఎపమినోండస్ చచ్చిపోయి అప్పటికి నలభై ఆరేండ్లు. మెస్సీన్‌కు గోడ కట్టించిన థీబ్స్ మనుషులెవరూ మిగిలి ఉండకపోవచ్చు. అయినా వెట్టి నుంచి బయటపడ్డోళ్ల మనుమలు, తమ తాతలకు ఊరు ఇచ్చిన ఊరును లేపుడుకు చేయి కలిపిన్రు.

మిత్రులారా, ల్యూక్ట్రా ఎత్తుగడ సైనిక పాఠశాలల్లో చెప్పుకుంటరు, చెప్పుకోనియ్యండి. మేము మీకు చెప్పదల్చుకున్నది ఇంతే. థీబ్స్ ఒక ఊరును విడిపించింది, ఒక ఊరును విరిచింది. విరిగిన ఊరు కాలవెట్టుడుకు వచ్చింది, విడుదలైన ఊరు కట్టుడుకు వచ్చింది. రేపు మీలో ఎవరన్నా ఒక సంఘానికో, ఒక ఊరికో, ఒక ఆఫీసుకో పెద్దయితరు. అప్పుడు పెద్ద పెత్తందారును మనం అడిగిన ప్రశ్నను, మన కింద ఉన్న చిన్నోడు మనల్నే అడుగుతడు. ఆ రోజు అజెసిలాస్ లెక్క పేరు కొట్టెయ్యకండి. నిలబడి జవాబు చెప్పండి.

ఇగ మీ ప్రశ్నలు అడగండి.